ఇషా తరువాత మన ఇళ్లు

ఆరోగ్యం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. అప్పగించిన సొమ్మును యజమాని ఏనాడైనా తిరిగి అడుగుతాడు. దానిని ఎలా వాడావని లెక్క కూడా అడుగుతాడు. ధనం విషయంలో ఈ సంగతి మనకు బాగా తెలుసు. జకాత్ లెక్క వేసుకుంటాము, వడ్డీకి దూరంగా ఉంటాము, హలాల్ మాంసం దొరికే దుకాణం ఎంత దూరమైనా వెతుక్కొని వెళతాము. అయితే ఆ హలాల్ ఆహారాన్ని ఏ వేళకు తింటున్నాము, ఎంత తింటున్నాము, తిన్న తరువాత ఏం చేస్తున్నాము అన్న ప్రశ్న మన ఇళ్లలో అరుదుగా వినబడుతుంది. చాలామంది చేజేతులా నష్టపోయే రెండు వరాలను గురించి దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఒకటి ఆరోగ్యం, రెండవది తీరిక సమయం. ఆ రెండూ ఒకేసారి మన చేతి నుంచి జారిపోయే వేళ ఒకటి ఉన్నది. అది ఇషా నమాజుకూ అర్ధరాత్రికీ నడుమనున్న సమయం.

ఆహారం, వ్యాయామం, నిద్ర, వ్యాధి నిరోధం అంటూ ఆరోగ్య సూత్రాలను విడివిడిగా బోధించే వారికి కొదువ లేదు. ఈ నాలుగూ కలిసే ముడి మాత్రం రాత్రి భోజనవేళలో ఉన్నదని మా అభిప్రాయం. ఆ ముడి విప్పగలిగితే మిగిలినవి సులువవుతాయి. అందుకే ఈ నెల ఆ ఒక్క విషయమే పాఠక సోదర సోదరీమణుల ముందుంచుతున్నాము.

మన రాత్రి గడుస్తున్న తీరు

పట్టణాలలో మన సోదరులు అనేకులు చిన్న వ్యాపారులు, దర్జీలు, మెకానిక్కులు, ఆటో నడిపేవారు, హోటళ్లలో పనిచేసేవారు. దుకాణం షట్టరు దించేసరికి రాత్రి పది అవుతుంది. ఇంటికి చేరి, కాళ్లూ చేతులూ కడుక్కొని దస్తర్‌ఖాన్ ముందు కూర్చునేసరికి పదకొండు. పగలంతా చాయ్‌తోనూ బిస్కెట్లతోనూ నెట్టుకొచ్చిన మనిషి ఆ వేళకు పళ్లెం నిండా అన్నం, సాలన్ పెట్టుకొని రెండు పూటల ఆకలి ఒక్కసారే తీర్చుకుంటాడు. ఆయన వచ్చేదాకా ఇల్లాలు తినదు. ఆమె తిని, గిన్నెలు తోమి, వంటిల్లు సర్ది పడుకునేసరికి పన్నెండు దాటుతుంది. ఈలోగా పిల్లలు ఫోను చూస్తూ మేలుకొని ఉంటారు. తెల్లవారుజామున అందరికంటె ముందు లేవవలసినది మళ్లీ ఆ ఇల్లాలే.

ఫజ్ర్ తరువాత సబఖ్ చెప్పే మావంటి వారికి ఈ రాత్రుల ఫలితం పిల్లల ముఖాలలో కనబడుతుంది. ఖాయిదా ముందు పెట్టుకొని ఊగుతూ చదివే పిల్లవాడు ఊగుతూనే నిద్రలోకి జారుకుంటాడు. నిన్న కంఠస్థం చేసిన ఆయతులు నేడు గుర్తుండవు. జ్ఞాపకశక్తికి ఏ దుఆ చదవాలి, ఏం తినిపించాలి అని తల్లిదండ్రులు అడుగుతారు. దుఆ తప్పక చెబుతాము. ఆ వెంటనే, రాత్రి పిల్లవాడు ఎన్నింటికి పడుకున్నాడని మేమూ ఒక ప్రశ్న వేస్తాము. చదివినది మనసులో స్థిరపడడానికి నిద్ర కావాలి. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటలు, పెద్దలకు కనీసం 7 గంటల నిద్ర అవసరమని వైద్యులు చెబుతున్నారు. ఉదయం ఐదున్నరకు లేవవలసిన పదేళ్ల బాలుడు రాత్రి ఎనిమిదిన్నరకు పక్క చేరితేనే ఆ తొమ్మిది గంటలు పూర్తవుతాయి. ఐదింటికి లేచే తల్లికి ఏడు గంటలు దక్కాలంటే ఆమె పదింటికి పడుకోవాలి. ఈ చిన్న లెక్క వేసి చూస్తే మన ఇళ్లలో నిద్ర ఎంత అప్పు పడుతున్నదో తెలుస్తుంది.

ఆలస్యపు భోజనం చేసే హాని

అల్లాహ్ మన శరీరంలో ఒక గడియారం అమర్చాడు. సూర్యుని వెలుగును అనుసరించి అది నడుస్తుంది. ఆహారంలోని చక్కెరను కణాలలోకి చేర్చే ఇన్సులిన్ పగటిపూట చురుకుగా పనిచేస్తుంది; రాత్రి గడిచేకొద్దీ దాని పని మందగిస్తుంది. అందువల్ల అదే అన్నం, అదే కూర ఉదయం తిన్నప్పటికంటె రాత్రి పదకొండింటికి తిన్నప్పుడు రక్తంలో చక్కెరను ఎక్కువగా పెంచుతాయి. తిన్న వెంటనే నడుము వాల్చితే జీర్ణాశయంలోని ఆమ్లం గొంతువైపు ఎగదన్నుతుంది. ఛాతీలో మంట, పుల్లని తేన్పులు అందుకే. నిద్ర తక్కువైనప్పుడు ఆకలి పెంచే హార్మోను హెచ్చుతుంది, కడుపు నిండిందని తెలిపే హార్మోను తగ్గుతుంది. మరునాడు తీపి మీదికీ వేపుళ్ల మీదికీ మనసు పోవడానికి ఇదొక కారణం. సాధారణంగా నిద్రలో రక్తపోటు కొంత తగ్గి గుండెకు, రక్తనాళాలకు విశ్రాంతి లభిస్తుంది. నిద్ర కొరవడిన వారికి ఆ విశ్రాంతి కూడా కొరవడుతుంది.

మధుమేహానికి ఆలస్యపు భోజనం ఒక్కటే కారణమని మేము చెప్పడం లేదు. వంశపారంపర్యం, నడుము చుట్టూ పేరుకొనే కొవ్వు, శ్రమ లేకపోవడం వంటివన్నీ కలిసి ఆ వ్యాధిని తెస్తాయి. అయితే వంశాన్ని మార్చుకోలేము, వేళను మార్చుకోగలము. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన ఇండియాబ్ అధ్యయనం 2023లో వెలువరించిన అంచనా ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహ రోగులు ఉన్నారు. మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారు. ఏళ్ల తరబడి అదుపు తప్పిన చక్కెర కళ్లను, మూత్రపిండాలను, పాదాల నరాలను నిశ్శబ్దంగా దెబ్బతీస్తుంది. ఇంటికి అన్నం పెట్టే మనిషి వారానికి రెండు మూడుసార్లు డయాలిసిస్ మంచం మీద పడుకోవలసి వస్తే, ఆ ఇంట్లో పిల్లల చదువు, ఆడపిల్ల పెళ్లి, అద్దె డబ్బు అన్నీ ఆ మంచం చుట్టూనే తిరుగుతాయి.

ఎవరి హక్కు వారికి

హజ్రత్ సల్మాన్ ఫారసీ (రజి), హజ్రత్ అబూ దర్దా (రజి)ల వృత్తాంతం మనలో చాలామంది విన్నదే. మదీనాలో దైవప్రవక్త (స) వారిద్దరినీ సోదరులుగా కలిపారు. ఒకనాడు సల్మాన్ (రజి) సోదరుని ఇంటికి వచ్చి చూస్తే ఇల్లాలు అలంకరణ ఏదీ లేక నిరాసక్తంగా కనిపించారు. భర్త ఉపవాసాలలో, రాత్రి ఆరాధనలలో మునిగి ఇల్లు మరిచారని ఆమె మాటలవల్ల తెలిసింది. ఆ పగలు సల్మాన్ (రజి) పట్టుబట్టి ఆయనచేత నఫిల్ ఉపవాసం విరమింపజేసి తనతో భోజనం చేయించారు. రాత్రి ఆయన నమాజుకు లేవబోతే పడుకోమన్నారు. మళ్లీ లేవబోతే మళ్లీ పడుకోమన్నారు. రాత్రి చివరి భాగంలో ఇద్దరూ లేచి కలిసి నమాజు చేశారు. ప్రభువుకు, స్వీయ దేహానికి, ఇంటివారికి, ఎవరి హక్కు వారికి ఇవ్వాలని అప్పుడు సల్మాన్ (రజి) బోధించారు. ఈ సంగతి విని దైవప్రవక్త (స) సల్మాన్ మాట నిజమని ఆమోదించారు.

ఈ వృత్తాంతంలో నిద్రను వెనక్కి నెట్టినది నఫిల్ నమాజు. అంతటి పుణ్యకార్యం సైతం దేహపు హక్కును, భార్య హక్కును మింగేయరాదన్నప్పుడు, ఫోను తెర మీది వీడియోలకు, హోటలు బల్ల దగ్గరి కబుర్లకు ఆ అధికారం ఎక్కడిది? ఇషాకు ముందు నిద్రించడం, ఇషా తరువాత కబుర్లతో కాలక్షేపం చేయడం దైవప్రవక్త (స) ఇష్టపడేవారు కాదని హదీసులు తెలుపుతున్నాయి. విద్యార్జన, అతిథి మర్యాద, భార్యాభర్తల సంభాషణ వంటి వాటికి విద్వాంసులు మినహాయింపు చెప్పారు. తాత్పర్యం స్పష్టమే. ఇషా నమాజు విశ్వాసి దినచర్యకు ముగింపు. మనం మాత్రం అక్కడ రెండవ దినాన్ని ప్రారంభిస్తున్నాము.

మగ్రిబ్‌కూ ఇషాకూ నడుమ

భోజనాన్ని మగ్రిబ్ తరువాతకు జరుపుదాము. ఇదే ఈ నెల మా ప్రధాన సూచన. ఇది సాధ్యమేనా అని సందేహించేవారికి రమజాన్ మాసమే జవాబు. ఏడాదిలో ఒక నెల మన ఇల్లంతా మగ్రిబ్ వేళకు దస్తర్‌ఖాన్ ముందు చేరుతుంది. దుకాణదారుడు దుకాణంలోనే ఇఫ్తార్ చేస్తాడు, ఆటో నడిపే సోదరుడు మసీదు ముందు బండి ఆపుతాడు. ఒక నెల చేయగలిగినది మిగిలిన పదకొండు నెలలూ చేయలేనిది కాదు.

ఆ భోజనం తేలికగా ఉండాలి. రాత్రికి బిర్యానీ, నిహారీ వద్దు. జొన్నరొట్టెలు లేదా రెండు పుల్కాలు, పాలకూర పప్పో ఖట్టీ దాలో, అంబాడా కూర, ఒక కూరగాయ, పెరుగు ఉంటే చాలు. అంబాడా అంటే మరేమిటో కాదు, మన గోంగూరే. మాంసం వండిన రోజున మధ్యాహ్నం తిని, రాత్రికి రెండు ముక్కలు చాలించుకోవచ్చు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాలు రోజుటి ఆహారంలో దాదాపు సగం కూరగాయలు, ఆకుకూరలు, దుంపలు, పండ్లు ఉండాలని సూచించాయి. మన దస్తర్‌ఖాన్ మీద కూరగాయ పళ్లెం అంచున ఉల్లిపాయ ముక్కగా మిగిలిపోవడం శోచనీయం. పొట్టలో మూడవ వంతు ఆహారానికి, మూడవ వంతు నీటికి, మూడవ వంతు శ్వాసకు అన్న ప్రవక్త (స) హితవు మనకు కంఠస్థమే. ఆకలి పూర్తిగా చల్లారక ముందే చేయి కడుక్కోవడం దాని ఆచరణ.

భోజనం కాగానే ఇషాకు నడిచి వెళ్లండి. తిన్న తరువాత పది పదిహేను నిమిషాలు నడిస్తే కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ అవసరమంటున్నది. మసీదు పది నిమిషాల దూరంలో ఉంటే రాకపోకలకు ఇరవై నిమిషాలు. ఇషా, ఫజ్ర్ రెంటికీ నడిచినవారు వారానికి 280 నిమిషాలు నడిచినట్టు. నమాజుకు వెళ్లేటప్పుడు తొందరపడక ప్రశాంతంగా నడవమని ఆదేశం ఉన్నది కనుక, తిరిగి వచ్చేటప్పుడు వేగం పెంచండి. నాలుగు ఇళ్ల అవతలి మసీదుకు స్కూటరు మీద వచ్చే ఆరోగ్యవంతులైన యువకులు ఈ మాట ప్రత్యేకంగా గమనించాలి. ఇంట్లో నమాజు చేసుకునే సోదరీమణులు మిద్దె మీదనో, వరండాలోనో, ఇంటివారితో కలిసి వీధిలోనో అంతసేపూ నడవాలి. వంటింట్లో అటూ ఇటూ తిరగడం శ్రమే గాని ఈ నడకకు బదులు కాదు.

మధుమేహానికి ఇన్సులిన్ లేదా మాత్రలు వాడేవారు భోజనవేళ మార్చుకొనే ముందు వైద్యుణ్ణి తప్పక సంప్రదించాలి. మందు వేళ మారకుండా భోజనం వేళ మాత్రమే మారితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.

దుకాణం ఆలస్యంగా మూసేవారికి

పదింటిదాకా దుకాణం తెరవకపోతే బేరాలు పోతాయనేవారి కష్టం మాకు తెలుసు. వారికి దారి ఉన్నది. మగ్రిబ్ వేళకు ఇంటి నుంచి టిఫిన్ క్యారియరు తెప్పించుకొని అక్కడే భోజనం ముగించండి. ఇంటికి వచ్చాక ఆకలిగా ఉంటే ఒక పండో, చక్కెర లేని పాలో తీసుకోండి. అస్ర్ తరువాత చాయ్ మానండి. చాయ్‌లోని కెఫీన్ ప్రభావం గంటల తరబడి ఉండి నిద్రను చెదరగొడుతుంది. రాత్రి నిద్ర చాలనివారు మధ్యాహ్నం ఇరవై నిమిషాల ఖైలూలా తీసుకుంటే సున్నత్ కూడా అవుతుంది, అలసటా తీరుతుంది.

మరొక మాట సోదరులకు. మీరు వచ్చేదాకా ఇల్లాలు పస్తుండడం ప్రేమకు గుర్తని మన పెద్దలు భావించారు. ఆమె ఆరోగ్యం కూడా మీకు అప్పగించిన అమానతే. పిల్లలతోపాటు మగ్రిబ్ తరువాత తినమని మీరే చెప్పండి; మీరు చెప్పనిదే ఆమె తినదు. ఆలస్యంగా వచ్చిన రాత్రి మీ పళ్లెం మీరే కడుక్కోండి. దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనులలో సాయపడేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఆయన అనుచరులమైన మనకు అందులో చిన్నతనం ఏముంటుంది?

వంటింటి కొలతలు

ఎంత తింటున్నామో తెలుసుకోవడానికి నెల సరుకుల చీటీ చాలు. ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములలోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అయిదుగురు పెద్దలున్న ఇంటికి నెలకు ముప్పావు కిలో. కిలో ప్యాకెట్టు నెల తిరక్కముందే అయిపోతే చేయి జోరుగా ఉన్నట్టే. పైగా ఊరగాయ, అప్పడం, బేకరీ సరుకులలోని ఉప్పు ఆ లెక్కలో చేరదు. నూనె మనిషికి రోజుకు ఐదు చెంచాలు, అనగా 25 గ్రాముల పరిమితి పెట్టుకుంటే అదే ఇంటికి నెలకు సుమారు నాలుగు లీటర్లు. నెయ్యి, వనస్పతి కూడా అందులోనివే. చక్కెర రోజుకు ఆరు చెంచాలు మించకపోవడం మంచిది. కప్పుకు రెండు చెంచాల చొప్పున నాలుగు చాయ్‌లు తాగితే, మిఠాయి ముట్టకుండానే ఎనిమిది చెంచాలయ్యాయి.

దావత్‌ల సంగతి

ఇంట్లో పాటించిన నియమం షాదీఖానాలో తెగిపోతుంది. కొన్ని పెళ్లిళ్లలో రాత్రి పదకొండుకు గాని భోజనాలు మొదలు కావు. బిర్యానీ, తలావా గోష్త్, డబల్ కా మీఠా, ఖుబానీ కా మీఠా, చల్లని సీసా పానీయాలు ముగించుకొని ఇల్లు చేరేసరికి ఒంటిగంట. ఆ రాత్రి ఎందరికి ఫజ్ర్ దక్కుతున్నది? వలీమా సున్నత్ అయినప్పుడు దానివల్ల ఫర్జ్ పోవడం ఎక్కడి న్యాయం? వలీమా మధ్యాహ్నం పెట్టవచ్చు, లేదా మగ్రిబ్ కాగానే వడ్డన మొదలుపెట్టవచ్చు. వధూవరుల పెద్దలు శుభలేఖలోనే భోజన సమయం ముద్రించి దానికి కట్టుబడితే అతిథులు కూడా వేళకే వస్తారు. పిలుపు స్వీకరించడం మన బాధ్యత. రెండవసారి పళ్లెం నింపుకోవడం బాధ్యత కాదు.

వుజూ వేళ పాదాల పరీక్ష

మధుమేహం ఉన్నవారికి వుజూ ఒక గొప్ప అవకాశం. ఈ వ్యాధిలో పాదాల నరాలు మొద్దుబారుతాయి. మేకు గుచ్చుకున్నా, బొబ్బ లేచినా నొప్పి తెలియదు. తెలిసేసరికి పుండు ఎముకదాకా పోయి, వేలో పాదమో తీసివేయవలసిన స్థితి రావచ్చు. రోజుకు అయిదుసార్లు పాదాలు కడుక్కొనే మనకు అంతటి నష్టం తెలియకుండా జరగరాదు. కాలివేళ్ల నడుమ వేలు పోనిచ్చి ఖిలాల్ చేసేటప్పుడు పగులు, పుండు, వాపు ఏమైనా తగులుతున్నదా గమనించండి. రోజుకొకసారి వెలుతురులో అరికాలు చూసుకోండి. వంగలేనివారికి పిల్లలు చూడాలి. వుజూ తరువాత వేళ్ల సందులు మెత్తని బట్టతో ఆరేలా తుడవండి. తడి నిలిస్తే అక్కడ బూజుపుండ్లు పడతాయి. చలికాలంలో వేడినీటి వేడిని పాదంతో చూడవద్దు, మోచేతితో చూడండి. వేసవిలో మసీదు ఆవరణలోని రాతిబండల మీద ఉత్తకాళ్లతో నడవవద్దు. కొత్త చెప్పులు పోతాయని అరిగిపోయిన చెప్పులతో మసీదుకు రావడం మనలో ఉన్నదే. మధుమేహ రోగులు ఆ అలవాటు విడిచిపెట్టాలి. పాదం మీద చిన్న పుండు కనబడినా ఆ రోజే వైద్యునికి చూపాలి.

పరీక్ష చేయించుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు

రాసిపెట్టి ఉన్నదే జరుగుతుంది, పరీక్షలెందుకు అనే మాట వింటుంటాము. ఒంటెను కట్టివేసి ఆపైన అల్లాహ్ మీద భారం వేయమన్న ప్రవక్త బోధన మన దగ్గరే ఉన్నది. వైద్యం చేయించుకోమన్నదీ వారే. మధుమేహం, రక్తపోటు మొదట్లో ఏ బాధా పెట్టవు కనుక బాధ వచ్చేదాకా ఆగరాదు. 30 ఏళ్లు దాటిన ప్రతివారూ ఏటా ఒకసారి ఈ రెండూ చూపించుకోవాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో, హైదరాబాదు బస్తీ దవాఖానాలలో ఈ పరీక్షలకు డబ్బు తీసుకోరు. పరగడుపున చక్కెర 100 లోపు ఉంటే మంచిది. 100 నుంచి 125 వరకు హెచ్చరిక. ఈ దశలో తిండి, నడక, బరువు సరిచేసుకుంటే చాలామంది వ్యాధిని వెనక్కి నెట్టగలరు. 126 లేదా అంతకు మించి రెండుసార్లు వస్తే మధుమేహమే. రక్తపోటు 140/90కి చేరితే వైద్యుణ్ణి కలవాలి. మందు మొదలుపెట్టాక, తగ్గిందనిపించి సొంతంగా మానడం అన్నిటికంటె ప్రమాదకరం. రమజాన్ ఉపవాసాలు పాటించదలచిన రోగులు నెల ముందే వైద్యునితో మాట్లాడి మందుల వేళలు మార్పించుకోవాలి.

ఈ నెల ఇంటి నియమాలు

1. మగ్రిబ్‌కూ ఇషాకూ నడుమ భోజనం. ఇషా తరువాత వంటింటికి సెలవు.

2. ఇషాకు నడిచి వెళ్లి నడిచి రావడం. స్త్రీలకు ఇంటివద్ద అంతే నడక.

3. ఇషా కాగానే ఇంటిల్లిపాది ఫోనులూ ఒకచోట పెట్టి, చిన్నపిల్లలను పడుకోబెట్టడం. పదింటికి పెద్దల నిద్ర.

4. సరుకుల చీటీలో ఉప్పు, నూనె, చక్కెర ఎన్నాళ్లు వచ్చాయో తేదీ వేసుకోవడం.

5. ఇంట్లో 30 దాటినవారందరికీ చక్కెర, రక్తపోటు పరీక్ష.

అన్నీ ఒకేసారి పట్టుకొని వారంలో వదిలేయడం కంటె మొదటి నియమం ఒక్కటి నిలకడగా పాటించడం మేలు. కొద్దిపాటిదైనా నిత్యం చేసే ఆచరణే అల్లాహ్‌కు ప్రీతికరమని మనకు బోధించబడింది. మన రాత్రులను విశ్రాంతితో, మన ఉదయాలను ఫజ్ర్ తాజాదనంతో నింపి, ఇచ్చిన ఆరోగ్యాన్ని చెడగొట్టకుండా తిరిగి అప్పగించగలిగే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.